మత్తు డాక్టరు వెనక్కి తిరిగాడు

సారిక కడుపులో బిడ్డ గుండె చప్పుడు నెమ్మదిస్తోంది. ఆపరేషన్ తప్పదని డాక్టర్ మృదులా సబ్నీస్ తేల్చేసి చాలాసేపయింది. అన్నీ సిద్ధమే, మత్తు డాక్టరు తప్ప. సాతారా పక్కన ఆ చిన్న ఊళ్ళో నర్సింగ్ హోములు ఎన్ని ఉన్నా మత్తిచ్చేది కీర్తనే అనే ఆయన ఒక్కడే. స్కూటర్ మీద సంచీ పెట్టుకుని పొద్దస్తమానం ఒక ఆపరేషన్ నుంచి ఇంకో ఆపరేషన్‌కి పరుగెడుతుంటాడు. ఆయన ఎక్కడైనా చిక్కుకున్నాడా, మిగతా వాళ్ళంతా చేతులు కట్టుకుని కూర్చోవాల్సిందే.

మృదులకు ఈ పనంటే ప్రాణం. పుట్టిన బిడ్డ ఏడుపు వింటే ఇప్పటికీ ఆకలిదప్పులు మరిచిపోతుంది. కానీ పోయిన దీపావళికి ఒక బాలింత చనిపోయింది. తప్పెవరిదని అడిగే ఓపిక ఎవరికుంది? బంధువులు అద్దాలన్నీ పగలగొట్టి, ఆమెను జుట్టు పట్టి ఈడ్చారు. ఆ తర్వాతే గుమ్మానికి ఇనప గ్రిల్లు వచ్చింది. అప్పటినుంచి నలుగురు గుమిగూడితే చాలు, పాపం, ఆవిడకు ముచ్చెమటలు పోస్తాయి.

కీర్తనే వస్తున్నాడేమోనని కిటికీలోంచి తొంగి చూసింది. వీధి నిండా మగవాళ్ళు. చెరుకు కోతల్లోంచి నేరుగా వచ్చినట్టున్నారు, చాలామంది చేతుల్లో కత్తులు. గ్రిల్లుకు తాళం వెయ్యమని సిస్టర్ శాలన్ మీద అరిచింది. శాలన్ ఏదో చెప్పబోతే విననే లేదు.

అంతలో ఫోన్ మోగింది. కీర్తనే.

"మేడమ్, మీ వీధి మొదటిదాకా వచ్చా. మీ గుమ్మం ముందు కత్తులతో గుంపుంది. నేను వెనక్కి తిరిగేశా. మీరు కూడా దొడ్డిదారిన బయటపడండి."

ఆయన్ని ఏమని తిట్టగలదు? గుంపు కనిపిస్తే ఆగొద్దని ఊరి డాక్టర్లందరినీ కూర్చోబెట్టి చెప్పింది తనేనాయె. లోపల సారిక మూలుగుతోంది.

"వాళ్ళను రమ్మన్నది మీరే కదా మేడమ్," అంది శాలన్. "రక్తం అవసరం పడొచ్చు, మీ మగవాళ్ళను పిలిపించండని పొద్దున సారిక అత్తతో అన్నారు. కోత ఆపేసి పరుగున వచ్చారు."

మృదులకు గుర్తొచ్చింది. అన్నది నిజమే. ఆ కంగారులో ఎప్పుడో మరిచిపోయింది. తాళంచెవి తీసుకుని గుమ్మం దగ్గరికి పరుగెత్తింది. గ్రిల్లు తెరిచి, ఆ కత్తుల మధ్యకే నడిచి మత్తు డాక్టరు వెనక్కి పోయిన సంగతి చెప్పింది. ఇద్దరు కుర్రాళ్ళు మోటార్ సైకిళ్ళెక్కారు. కత్తులు ఇక్కడే పడేసి వెళ్ళండిరా అని బతిమాలింది. అయినా ఏం లాభం, వెనక బండ్లు వస్తున్నాయని చూసిన కీర్తనే ఇంకా వేగం పెంచాడట. ఆమె ఫోన్ మీద ఫోన్ చేసి ఒట్టేస్తే గానీ ఆగి వెనక్కి రాలేదు మహానుభావుడు.

బిడ్డను బయటకు తీసేసరికి ఒళ్ళు నీలంగా ఉంది. వీపు రుద్దింది, నోరు శుభ్రం చేసింది, మళ్ళీ రుద్దింది. ఏడవవే తల్లీ, ఏడవవే అని లోలోపల మొక్కుకుంది. చాలాసేపటికి ఆ పిల్ల సన్నగా కీచుమంది. మృదుల మాస్కు కిందే భోరుమంది.

బయటికి రాగానే సారిక అత్త అనసూయ ఆమె చేతులు పట్టుకోబోయింది. మృదుల దెబ్బ పడుతుందేమో అన్నట్టు చటుక్కున వెనక్కి జరిగింది. ముసలావిడ చేతులు అక్కడే ఆగిపోయాయి.

"మమ్మల్ని చూసి భయపడ్డావా డాక్టరు బాయీ?"

"అవును," అంది మృదుల. అబద్ధం చెప్పే ఓపిక లేదు.

అనసూయ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"నువ్వు తాళం వేసుకుంటే, మా పిల్ల లోపల పోయిందేమో, మాకు చెప్పడానికి జంకుతున్నావేమో అనుకున్నాం. నువ్వొచ్చి తెరిచేదాకా ఈ మెట్ల మీద ఏడుస్తూ కూర్చున్నాం బాయీ."