తొమ్మిది మార్కుల మెయిలు

శనివారం మా బడిలో ఆటల పోటీలు. గురువారం సాయంత్రానికి కూడా కప్పు రాలేదు.

ఆ కప్పు నా భార్య జ్ఞాపకంగా ఇవ్వాలనుకున్నది. ఆవిడ మా బడిలోనే డ్రిల్లు టీచరు. పిల్లలు మాత్రం విజిలు టీచరు అనేవాళ్ళు. నిరుడు వానాకాలంలో వెళ్ళిపోయింది. పరుగు పందెంలో మొదట వచ్చేవాళ్ళ కోసం అందరూ గీత దగ్గర గుమిగూడతారు. ఆవిడ మాత్రం ఆ గుంపు చెదిరిపోయాక కూడా, ఎక్కడో వెనక రొప్పుకుంటూ వచ్చే ఆఖరి పిల్ల కోసం గీత దగ్గరే నిలబడేది. అందుకని ఈ కప్పు ఆఖరున వచ్చినవాళ్ళకే ఇద్దామన్నాను. హెడ్మాస్టరు కాసేపు కిటికీలోంచి మైదానం వైపు చూసి, సరేనన్నారు. కప్పు మీద చెక్కాల్సిన మాటలు నన్నే రాయమన్నారు.

నేను తెలుగు మాస్టర్ని. మాటలు దిద్దడం నా వృత్తి, రాయడం కాదు. అయినా కూర్చున్నాను. మొదట ఒక పేజీ వచ్చింది. కొట్టేసుకుంటూ పోతే రెండు వరుసలు మిగిలాయి. వాటిని కప్పులు తయారుచేసే కంపెనీకి మెయిలు చేశాను. జవాబు లేదు. మళ్ళీ పంపాను. ఉలుకూ పలుకూ లేదు.

ఆ కంపెనీలో కంప్యూటర్లూ మెయిలు సర్వరూ చూసుకునేది నా మరదలే, నా భార్యకి చెల్లెలు. ఒక్క మాట అడిగితే తేలిపోయేది. అడగలేదు. చదివి బాధపడిందేమో, నచ్చలేదేమో, తనే చెబుతుందిలే అనుకున్నాను. ఈ మధ్య మా ఇంట్లో అంతే. ఎవరూ ఎవర్నీ కదపరు.

బడి వదలగానే అటు నడిచాను.

ముందు గదిలో గోడ పొడవునా అరలు, అరల నిండా కప్పులూ షీల్డులూ. పాలిష్ వాసన. కిటికీ పక్కన బల్ల మీద ఇత్తడి రేకు బిగించుకుని, కంటికి భూతద్దం తగిలించుకుని ఒక పెద్దాయన అక్షరాలు చెక్కుతున్నాడు. అందరూ ఆయన్ని బాబాయి అంటారు, ఆయనకంటే పెద్దవాళ్ళు కూడా. ఒక మూల గాజు తలుపు వెనక చిన్న గది, అందులో సర్వరు, దాని ముందు నా మరదలు. ఆమె కుర్చీ వెనక నడుముకి చేతులు పెట్టుకుని కంపెనీ యజమానురాలు.

"ఊళ్ళో ప్రతి బడిలోనూ ఆటల పోటీలు. మనకి ఒక్క కొత్త ఆర్డరు లేదు" అంటోందావిడ. "చెత్త మెయిళ్ళు ఆపే నీ ఫిల్టరు పెట్టాక ప్రాణానికి హాయిగా ఉందన్నాను. మరీ ఇంత హాయి అక్కర్లేదమ్మా."

"ఫోన్లో తీసుకోవచ్చు కదా మేడమ్."

"ఫోన్లో చెబితే పేర్లలో అక్షరాలు మారిపోతాయి. ఇత్తడి మీద చెక్కాక రబ్బరుతో చెరపలేం."

మరదలు నన్ను చూసి లేచింది. "రండి బావా. ఇప్పటికి తెచ్చారా?"

"ఏమిటి తేవడం?"

"కప్పు మీద మాటలు. మీరు ఇంకా రాయలేకపోతున్నారేమో అనుకున్నాను. తొందరపెడితే బాగుండదని ఊరుకున్నాను."

"పంపి చాలా రోజులైంది. రెండుసార్లు పంపాను. నీకు నచ్చలేదేమో అనుకుని నేనూ ఊరుకున్నాను."

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆమె ఒక్కసారిగా కుర్చీలో కూలబడి, చెత్త మెయిళ్ళు పడే, స్పామ్ అని రాసి ఉన్న పెట్టె తెరిచింది.

అందులో ఉంది ఊరంతా. బళ్ళూ కాలేజీలూ, చదరంగం క్లబ్బులూ, కుట్టు పోటీల వాళ్ళూ. ప్రథమ బహుమతి కప్పు, విజేతకు షీల్డు, దయచేసి త్వరగా పంపండి. వాటి మధ్యలో నేను.

"వచ్చిన ప్రతి మెయిలుకీ ఇది మార్కులేస్తుంది బావా" అంది మరదలు గొంతు తగ్గించి. "మీ దానికి తొమ్మిది వచ్చాయి."

"పదికా?" మనసులో కొంచెం పొంగాను. వృత్తి అలాంటిది.

"ఎన్ని వస్తే అంత చెత్త అన్నమాట. ఐదు దాటితే డబ్బాలోకే. మొత్తంలో మీరే ఫస్టు."

యజమానురాలు నవ్వు ఆపుకోవడానికి గోడ వైపు తిరిగింది.

"గెలుపు, బహుమతి, అభినందనలు, ఇలాంటి మాటలు చెత్త మెయిళ్ళలోనే ఎక్కువ" అంది మరదలు. "మన ఆర్డర్లలోనూ అవే ఉంటాయని నాకు తెలుసు. అందుకే ఆ మాటల్ని పట్టించుకోవద్దని ఫిల్టరుకి మొదటిరోజే చెప్పాను. మిగతాది మనం నేర్పినదాన్నిబట్టి నేర్చుకుంటుంది. దీనికెవరో తలకిందులుగా నేర్పారు." అని గాజు తలుపు తెరిచి పిలిచింది. "బాబాయ్, చెక్కడం పూర్తయ్యాక ఆ ఆర్డరు మెయిలు ఏం చేస్తావు?"

"తీసేస్తాను" అన్నాడు బాబాయి తలెత్తకుండా. "పనయ్యాక బల్ల మీద ముక్కలు ఉంచుతానా?"

"ఏ బటన్‌తో తీసేస్తావు?"

ఆయన భూతద్దం నుదుటి మీదికి నెట్టుకుని వచ్చి, తెర మీద వేలితో చూపించాడు. స్పామ్ బటన్.

"పక్కనే డిలీట్ ఉంది కదా బాబాయ్."

"అది నొక్కితే, నిజంగానే తీసేయమంటావా అని అడుగుతుంది. ఒకసారి చెప్పాక మళ్ళీ అడగడమేమిటి? ఇది బుద్ధిమంతురాలు. నొక్కగానే మారుమాట్లాడకుండా పట్టుకుపోతుంది."

మరదలు తల పట్టుకుంది. ఆయన పూర్తిచేసిన ప్రతి ఆర్డరూ చెత్త అని ఫిల్టరుకి పాఠం చెప్పుకుంటూ వచ్చాడు. మంచి శిష్యురాలు. కప్పు అనే మాట కనిపిస్తే చాలు, డబ్బాలో వేసేది.

"మరి ఈ లాటరీ మెయిలు మంచివాటిలో ఎందుకు ఉంచావు?"

"అది మొదట్లో వచ్చింది. ఆ పని అవలేదమ్మాయ్. ఎవరో గెలిచారని రాశారు. గెలిచినవాళ్ళకి కప్పు కావాలి కదా. సైజెంతో చెప్పమని రెండుసార్లు అడిగాను. సైజు చెప్పరు, బ్యాంకు నంబరు చెప్పమంటారు. వాళ్ళ పద్ధతి నాకేం నచ్చలేదు."

ఈసారి యజమానురాలు గోడ వైపు తిరగలేదు. బల్ల పట్టుకుని నవ్వింది. మరదలూ నవ్వింది, కళ్ళు తుడుచుకుంటూ. అలా నవ్వినప్పుడు అచ్చం వాళ్ళక్కలా తల వెనక్కి వేస్తుందని నేను మరిచిపోయాను. నాకూ నవ్వొచ్చింది. ఆ శబ్దం నాకే కొత్తగా వినిపించింది.

తరవాత పనిలో పడ్డాం. ఫిల్టరు నేర్చుకున్నదంతా మరదలు తుడిచేసింది. మళ్ళీ మొదటినుంచి నేర్పాలి, మంచివి ఒక కుప్ప, చెత్తవి ఒక కుప్ప. "మీ చేతికి అలవాటైన పనే బావా, దిద్దండి" అని నన్ను పక్క కుర్చీలో కూర్చోబెట్టింది. నేను చదివి మంచి, చెత్త అని చెబుతుంటే ఆమె సర్దింది. ఒక బడివాళ్ళ ఆర్డరులో తప్పులు చూసి "చెత్త" అన్నాను. "తప్పులున్నా మంచిదే బావా, ఇది పరీక్ష కాదు" అంది. పాత ఖాతాదారుల మెయిళ్ళు సూటిగా లోపలికి వచ్చేలా రాసింది. అనుమానం ఉన్నవి పారేయకుండా విడిగా ఒక పెట్టెలో ఆపి, రోజూ పొద్దున్న ఎవరో ఒకరు చూడాలని పెట్టింది. చివరికి బాబాయి తెర మీద స్పామ్ బటన్ తీసేసి, "అయిపోయినవి" అని పెద్ద బటన్ పెట్టింది.

"ఇది ఎదురు ప్రశ్నలేస్తుందా?" అన్నాడు బాబాయి.

"నోరెత్తదు."

"అయితే మంచిదే."

మేం అలా సర్దుతుండగానే ఆయన నా మెయిలు అచ్చుతీయించుకుని, బల్ల దగ్గర చాలాసేపు చదివాడు. "మాస్టారూ, ఇందులో ఒక్క అక్షరం కూడా తీసేయడానికి లేదు. నాకు పని ఎక్కువ కాదు, తక్కువ కాదు" అన్నాడు. నా జన్మలో నాకు దొరికిన మెచ్చుకోళ్ళలో అది పెద్దది. శుక్రవారం సాయంత్రం కప్పు తయారైంది. రెండు వైపులా చెవులున్న పొట్టి కప్పు. దాని మీద:

*ఆఖరున వచ్చినా, ఆగకుండా వచ్చినవారికి.*
*విజిలు టీచరు కప్పు.*

శనివారం మరదలు కూడా మైదానానికి వచ్చింది. పెద్ద పందెం మొదలైంది. మొదటి పిల్లలు గీత దాటారు, చప్పట్లు కొట్టాం. మిగతావాళ్ళూ వచ్చేశారు. ఇంక ఇద్దరే మిగిలారు, ఒక పొడుగు పిల్ల, ఒక బొద్దు పిల్ల. వాళ్ళు రావడం లేదు. ఆగడమూ లేదు. ఉన్నచోటే కాళ్ళు ఎగరేస్తూ, పక్కదాన్ని ముందుకి పొమ్మని ఒకరికొకరు మర్యాద చేసుకుంటున్నారు.

"నువ్వు వెళ్ళవే."

"ముందు నువ్వే వెళ్ళు. నేను నెమ్మది మనిషిని."

హెడ్మాస్టరు నా వైపు చూశారు. ఆఖరివాళ్ళకి కప్పు అంటే ఇలా అవుతుందని నేను అనుకోలేదు.

"ఆగకుండా అని రాశారు గాని, ఇలా నత్తల్లా రాకూడదని రాయలేదు బావా" అంది మరదలు. "అక్క ఉంటే ఏం చేసేది?"

నాకు తెలుసు. జేబులోంచి ఆవిడ విజిలు తీశాను. ఈ ఏడాదంతా దాన్ని జేబులో వేసుకు తిరిగాను గాని ఊదలేదు. ఇప్పుడు గట్టిగా ఊదాను. ఆ కూత ఆ పిల్లలిద్దరి కాళ్ళకీ ముందే తెలుసు. కప్పు సంగతి మరిచిపోయి, చెప్పులు జారిపోతున్నా లెక్కచేయకుండా దూసుకొచ్చారు. గీత ఇద్దరూ కలిసే దాటారు. ఎవరు ఆఖరో ఎవరూ చెప్పలేకపోయారు. మైదానమంతా అరుపులు.

కప్పుకి రెండు చెవులున్నాయి కనక చిక్కు లేకపోయింది. చెరొకటి పట్టుకుని మైదానం చుట్టూ తిరిగారు. వెనకే మొదట వచ్చినవాళ్ళూ, వాళ్ళ వెనక అందరూ.

సోమవారం కంపెనీకి కృతజ్ఞతలు చెబుతూ మెయిలు రాశాను. కప్పు, గెలుపు, అభినందనలు, అన్ని మాటలూ పడ్డాయి. ఈసారి ఏదీ కొట్టేయలేదు. మధ్యాహ్నం మరదలి జవాబు వచ్చింది.

"బావా, మీకు సున్నా."

టీచర్ల గదిలో అందరికీ చూపించాను.