గుండీలు పైకి

ఆయన ఇస్త్రీ పెట్టె పక్కకు దించేసరికి ఆమె చేతులు చొక్కా కిందికి వెళ్ళిపోవాలి. వేడి ఆరకముందే మడవాలి, లేకపోతే పడిన శ్రమంతా వృథా. చొక్కాను బోర్లా తిప్పడం, చేతులు రెండూ వీపు మీదికి మడవడం, కింది అంచు పైకి తేవడం, మళ్ళీ వెల్లకిలా తిప్పి గుండీలు పైకి వచ్చేట్టు దొంతర మీద పెట్టడం. కాపురానికి వచ్చిన దగ్గర్నుంచీ ఆమె చేసిన పని ఇదే. వీధంతా ఆమెను మడతమ్మ అంటారు. అసలు పేరు అడిగితే ఆమే కాసేపు వెతుక్కుంటుందేమో!

బక్కపల్చని ఒళ్ళు, ముందుకు వంగిన భుజాలు, వేడికి గీతలన్నీ అరిగి నున్నబడిన వేళ్ళు. గొంతు ఉందా అంటే ఉంది, గడప దాటేది కాదు. ఇంటికి ఆయన నోరొక్కటే చాలు, మిగిలితే పక్కింటికి అరువివ్వచ్చు.

ఆ పొద్దున కూడా మందుల షాపాయన టీ తాగిన మూతి తుడుచుకుంటూ వచ్చాడు. "ఏం బాబాయ్, మళ్ళీ ఎవడైనా వచ్చాడా మీ ఇంటికి?"

"రమ్మను. పెట్టె సిద్ధంగానే ఉంది," అన్నాడాయన, బొగ్గులు ఊదుతూ.

"మగాడివి బాబాయ్! పిన్నీ, పెట్టి పుట్టావు నువ్వు."

పిన్ని తలెత్తలేదు. పెట్టిన గుండీనే విప్పి మళ్ళీ పెట్టింది.

అదే పెట్టె మరి. కేసు మూసేశాక పోలీసులు తిరిగిచ్చేశారు. కొత్తది కొనుక్కో అయ్యా అని ఆమె ఎంత బతిమాలినా, "దీని పిడి నా చేతికి అలవాటు" అన్నాడు. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. వడ్డించాను. బొగ్గులైపోయాయి. అంతే. ఒకే బల్లకు అటొకరూ ఇటొకరూ నిలబడి, ఒకరి మొహం ఒకరు చూడకుండా ఊళ్ళోవాళ్ళ ముడతలన్నీ తీస్తూ ఉండేవారు.

జరిగింది పట్టపగలు. ఆమె జ్వరంతో లోపలి గదిలో మూలుగుతోంది. ఆయన బట్టలివ్వడానికి వెళ్ళాడు. ఇల్లు ఖాళీ అనుకుని ఒకడు వెనక కిటికీ ఊచ వంచి దూరాడు. వాడి మొహానికి దొరికిందేమిటీ? ఊళ్ళోవాళ్ళ బట్టల మూట. ఆమె కెవ్వుమంది. అప్పుడే గుమ్మమెక్కిన ఆయన, బల్ల మీద చల్లారుతున్న పెట్టె అందుకుని ఒక్క ఉరుకున లోపలికొచ్చాడు. వాడు మూట వదిలేసి చేతులెత్తాడు. "పోతానన్నా, పోతాను" అంటూ కిటికీ వైపు తిరిగి ఒక కాలు పైకి వేశాడు. మూట విడిపోయి, తెల్ల చొక్కాలన్నీ వాడి బురద అడుగుల కింద నలిగి ఉన్నాయి. ఆయన వాటి వంక చూశాడు. చూసి, అప్పుడు కొట్టాడు. తల వెనక. వాడు మళ్ళీ లేవలేదు.

"మీద పడ్డాడని చెప్పు. పెనుగులాటలో తగిలిందని చెప్పు," అన్నాడు, చెమటలు కక్కుతూ. ఆమె అలాగే చెప్పింది. పోలీసులు అలాగే రాసుకున్నారు. ఇంట్లో దూరిన దొంగకి దెబ్బ ముందు తగిలిందా వెనక తగిలిందా అన్నది ఎవడికి పట్టింది?

ఎండ నెత్తికెక్కిన వేళ ఒక ముసలామె వచ్చింది. చేతిలో ఒకే ఒక్క నీలం చొక్కా.

"ఇస్త్రీ చెయ్యాలి బాబూ."

ఈ పనిలో ముందు కాలరు, అందులోనూ వెనక వైపు. ఆయన చొక్కా పరిచి కాలరు ఎత్తాడు. మెడ దగ్గర్నుంచి వీపు సగం దాకా మరక. ఎన్ని ఉతుకులు ఉతికినా పోని మరక. పెట్టె గాల్లోనే ఆగిపోయింది.

"ఎవరిదిది?"

"మావాడిది. కేసైపోయిందని మొన్న ఇచ్చారు. ముందు పక్క చూడు బాబూ, చుక్క లేదు. మీద పడ్డవాడికి వెనక ఎలా తగిలిందో నువ్వే చెప్తావని తెచ్చాను."

పెట్టె దబ్బున దిగింది. "దొంగని కన్నది చాలక నిలదియ్యడానికొచ్చావా? నీ కొడుకు నా ఇంటికొచ్చాడు. నేను నీ ఇంటికి రాలేదు!"

"దొంగే. కాదన్నానా? చెప్పు తిరగేసి నేనే కొట్టేదాన్ని. పట్టుకుని కట్టెయ్యాల్సింది. జైల్లో ఉంటే వెళ్ళి తిట్టొచ్చేదాన్ని." ముసలామె ఆయన్ని వదిలేసి ఇటు తిరిగింది. "నీ మాట మీదే మూసేశారటమ్మా. వాడు మీద పడ్డాడా, పోతున్నాడా?"

మడతమ్మ నోరు తెరిచింది. ఆయన చూపు చూసి మూసుకుంది.

"తర్వాత రా పెద్దమ్మా," అందామె.

"ఎక్కడికీ పోను. అక్కడే ఉంటా." ముసలామె రోడ్డు దాటి, బస్సుల కోసం వేసిన బెంచీ మీద కూర్చుంది, కళ్ళు ఇటే పెట్టి.

"ఏమే, ఆ గుడ్డ బొగ్గుల్లో పడెయ్," అన్నాడాయన.

"పడెయ్యను."

"ఏంటీ? వాడు పోతున్నాడో, కత్తి తియ్యడానికి తిరిగాడో నాకేం తెలుసు? ఆలోచించుకుంటూ నిలబడనా? లోపల నువ్వున్నావు. నీకోసం కదే కొట్టింది!"

"నాకోసమైతే నన్ను చూసేవాడివి. చొక్కాల్ని చూశావు."

ఆ మాట బయటికొచ్చాక ఆమే ఉలిక్కిపడింది. అయినా ఆగలేదు. "మీదికొచ్చుంటే ఆ పెట్టె నేనే అందించేదాన్ని. వాడి కాలు కిటికీ మీదుందయ్యా."

"అయితే నన్ను జైలుకి పంపు! ఇన్నేళ్ళు తిండి పెట్టినందుకు."

"ఎవరు పెట్టారూ? సగం చేతులు నావి."

ఆయన పళ్ళు కొరుకుతూ స్టూలు లాక్కుని, ఆమెకు వీపు పెట్టి కూర్చున్నాడు. ఆమె పెట్టె పిడి పట్టుకుంది. ఇన్నేళ్ళలో అది ఆమె చేతికి రావడం అదే మొదలు. అబ్బ, ఎంత బరువు! రెండు చేతులా ఎత్తాల్సి వచ్చింది. పొరపాటున పైకి లేచే బరువు కాదది. ఎదురుగా ఆయన మెడ, చెమటకు అంటుకున్న నెరిసిన వెంట్రుకలు. చెయ్యి చాపినంత దూరం. కోపం ఆమెకూ ఉంది, బోలెడంత. ఆ మెడ వంక చూస్తూ కాసేపు అలాగే నిలబడింది. తర్వాత పెట్టె చొక్కా మీదికి దించి, కాలరు వెనక నుంచి మొదలుపెట్టింది.

మడిచి, చెప్పులేసుకుంది.

"పోతే మళ్ళీ ఈ గుమ్మం తొక్కకు," అన్నాడాయన, వెనక్కి తిరక్కుండానే.

ఆమె రోడ్డు దాటింది. "పద పెద్దమ్మా, స్టేషనుకి. నా మాట మార్చి చెప్పుకోవాలి."

"ఇన్నాళ్ళూ నోరు కుట్టేసుకున్నావా?" ముసలామె కసిగా లేచింది. "నా కొడుకు చొక్కా ఏదీ?"

"ఆయన కళ్ళెదుట కాసేపుండనీ. తెచ్చిచ్చే పూచీ నాది."

ఇద్దరూ కలిసి నడవలేదు. ఒకరి వెనక ఒకరు, ఎడంగా నడిచి మలుపు తిరిగారు.

బల్ల మీద ఊళ్ళోవాళ్ళ చొక్కాలన్నీ గుండీలు పైకి పెట్టుకుని దొంతరగా ఉన్నాయి. పక్కన ఆ నీలం చొక్కా ఒక్కటే, వీపు పైకి.