అమ్మ కోసం ఆగిపోయిన వీరేశ్

ఇల్లు విడిచి వెళ్లడం గురించి నారాయణఖేడ్‌లో వీరేశ్‌కు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. ఒక్కసారీ విడవలేదు కాబట్టి ఆలోచించుకోవడానికి బోలెడంత తీరిక దొరికింది. జపాన్ బొమ్మల సినిమాలంటే అతనికి ప్రాణం. పన్నెండేళ్ల పిల్లలు మూట సర్దుకుని, దయ్యాల ఊళ్లోనో మబ్బుల మీదో పని వెతుక్కుని, తమ కాళ్ల మీద తాము నిలబడే కథలు. వాటిని తెలుగులో వివరిస్తూ వీడియోలు చేసేవాడు. "స్వతంత్రం అంటే ఏందో గీ పిల్లను చూసి నేర్చుకోవాలె ఫ్రెండ్స్" అని గొంతు గంభీరంగా పెట్టి చెబుతుంటే, వెనక నుంచి తల్లి హన్మమ్మ "వీరిగా, అన్నం కలిపిన, రా" అని పిలిచేది. ఇరవై ఏడేళ్ల వీరుడు వీడియో ఆపి వెళ్లేవాడు. ఒకసారి ఆ ముక్క కత్తిరించడం మరిచిపోయాడు. ఆ వీడియోనే అన్నిటికన్నా ఎక్కువమంది చూశారు.

పట్నంలో ఒక కంపెనీ ఉద్యోగమిచ్చి, సోమవారం వచ్చి చేరమంది. ఇప్పటికే వాయిదా అడిగాడు, ఇక అడగడానికి లేదు. ఎవరు కదిపినా "అమ్మ ఒక్కతే అయితది" అనేవాడు. అబద్ధమేం కాదు. కానీ కొత్త గదిలో ఒంటరిగా పడుకోవాలంటే భయం, బట్టలు ఎలా ఉతుక్కోవాలో తెలియకపోవడం ఆ మాట చాటున హాయిగా దాక్కునేవి. ఆ సంగతి అతనికీ తెలుసు. సిగ్గుపడి, ఇంకో సినిమా పెట్టుకునేవాడు.

శుక్రవారం సాయంత్రం హన్మమ్మ చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ పక్కన కూర్చుంది. తెర మీద ఒక పిల్ల దీపాలమ్మే నక్క దగ్గర పనికి కుదిరి, తల్లిని వదిలి వెళ్తోంది.

"గా పోరి తల్లి ఇగ ఏం చేస్తది?" అడిగింది.

"తల్లిదేముందమ్మా? కథ పిల్లది."

"పిల్ల పోయినంక తినవెట్టుడు లేదు, బట్టలు పిండుడు లేదు. యాడికన్న పోవచ్చు."

వీరేశ్ ఊ కొట్టాడు. ఇన్ని సినిమాలు విడమరచి చెప్పినవాడికి పక్కనున్న మనిషి మాట అందలేదు.

ఆదివారం పొద్దున ఆమె కొత్త చీర కట్టుకుని, సంచి పట్టుకుని "నన్ను బస్టాండుల దించు" అంది. జహీరాబాద్‌లో ఆడపిల్లల హాస్టల్‌కు వంటమనిషి కావాలని అక్కడుండే ఆమె చెల్లెలు ఏడాదిగా పిలుస్తోందట.

"ఏడాది సంది నాకు చెప్పలేదేందే?"

"నిన్ను ఇడిచిపెట్టి ఎట్ల పోదును? ఎవలడిగినా గదే జెప్పిన."

వీరేశ్ ఆమె చేతిలోని సంచి అందుకున్నాడు. తను వాడుతున్న సాకే ఆమెదీ. కాకపోతే ఆమెది నిజం.

ఆమె బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాక ఇంటి తాళంచెవి అడిగాడు.

"పక్కింటి ఎలీసబెతక్కకు ఇచ్చిన, నీకియ్యొద్దన్న. నీ బట్టల సంచి గూడ గామె ఇంట్లనే ఉన్నది. ఇల్లు తెరిస్తే నువ్వు మల్ల పండుకుంటవు. పట్నం పోనీకె భయమైతుందా?"

"అయితుంది."

"నాగ్గూడ అయితుంది బిడ్డా. ఎన్నడన్న ఒక్కదాన్ని పోయిన్నా?"

వీరేశ్ పరాయి దేశపు బొమ్మల కోసం ఇన్నేళ్లు కన్నీళ్లు పెట్టుకున్నాడు గానీ, ఇంట్లో మనిషికి భయం ఉంటుందని ఒక్కనాడూ తోచలేదు. అక్కడే నిలబడి, రేపు వస్తున్నానని కంపెనీకి మెసేజ్ పెట్టాడు.

బస్సు కదిలింది. తల్లితో చెప్పాల్సినవి ఒక్కసారిగా గొంతులోకి వచ్చాయి. కిటికీ వెంట పరుగెత్తాడు. తీరా నోరు తెరిస్తే వచ్చింది ఒక్కటే:

"అమ్మా, అన్నానికి నీళ్లెన్ని పొయ్యాలె?"

బస్సులో అందరూ తిరిగి చూశారు. హన్మమ్మ నవ్వాపుకోలేక, కళ్లు తుడుచుకుంటూ, రెండు వేళ్లు చూపించింది. రెండు గ్లాసులా, రెండింతలా అని అడిగేలోపు బస్సు మలుపు తిరిగిపోయింది.