తెడ్డు దెబ్బలో వాటా

మధ్యాహ్నం ఎండుచేపలు తిరగేసి, కాళ్ళు కడుక్కుని, గంగమ్మ తల్లి పటం ముందు దీపం పెట్టాక వరహాలమ్మ కళ్ళజోడు తుడుచుకుంటుంది. ఫోను చెంబుకి ఆనించి నిలబెట్టి పుస్తకం తెరుస్తుంది. రోజుకొక పేజీ పైకి చదివి, రికార్డు చేసి వాట్సాప్ గ్రూపులో పెడుతుంది.

పూండికి అవతల, సముద్రపు ఒడ్డున వాళ్ళ పేట. తండ్రి సన్యాసయ్య దాచిన పుస్తకాల్లో చెదలు వదిలిపెట్టింది ఆ ఒక్కటే. అందులో తాతల కాలంలో అచ్చయిన కథ ఒకటుంది. ఒక జాలరి తన పెళ్ళాన్ని తెడ్డుతో కొడుతూ ఉంటాడు. ఆ పెళ్ళానికి రాసినాయన పేరు పెట్టలేదు. 'ఆమె' అని ఊరుకున్నాడు.

కథలో దెబ్బ పడినప్పుడల్లా విన్నవాళ్ళకు తగిలేది. పలాస జీడి బట్టీలో పప్పు తొక్క తీసే మంగ మొదటిరోజే ఫోను చేసింది.

"వరాలప్పా, ఎంత బాగా సదివినావే. నా ముందు పన్ను ఊడిపోయింది. పక్కదానికి పెదవి సితికింది. రేపు బేగి పెట్టు, కాసుకొని కూకుంటాం."

కాశీబుగ్గలో ఓ టీ కొట్టువాడు పెద్ద స్పీకర్లో పెట్టాడు. టీ తాగుతున్నవాళ్ళ వీపులన్నీ కమిలాయి. వాళ్ళు పసుపు రాయించుకుని, ఇంకో టీ చెప్పి, "ఆ ఎదవ ఎప్పుడు సత్తాడో కనుక్కో" అన్నారట. టెక్కలి నుంచి రాజేంద్ర మాస్టారు, రిటైరైన తెలుగు పంతులు, గ్రూపులో రాశాడు: "అమ్మా, నా ఎడమ భుజం జారింది. కట్టు కట్టించుకున్నాను. చదవడం బాగుంది. కానీ చెంప అనాలి, సెంప కాదు."

"భుజం జారినా సెయ్యి నా తప్పులే ఎతుకుతంది," అని నవ్వుకుంది వరహాలమ్మ.

ఎక్కువమంది విన్నరోజు దెబ్బ తేలికగా పడేది. తక్కువమంది విన్నరోజు ఎముక విరిగేది. పేటలో వేట పంచే బైరాగి తాత అందులో వింతేమీ చూడలేదు.

"సేపలు పంచినట్టే కదేటి. సగం పడవున్నోడిది, సగం ఎక్కినోళ్ళందరిదీ. తెడ్డు కథలోనోడిది. ఆడు రాడు గనక ఆడి సగం పుత్తకంలోనే ఉండిపోతంది. మన సగం మనం పంచుకుంటన్నాం."

వరహాలమ్మ ఇంట్లో ఒక్కదానికే ఆ దెబ్బలు తగిలేవి కావు. అది కుసుమ, చనిపోయిన అక్క దేవి కూతురు. పక్క పేటలో సొంత పడవున్న ఈశ్వర్ ఆమె మొగుడు. అతని తెడ్డుకి పక్కటెముకలు విరిగి, చేతికి కట్టుతో పిన్ని ఇంటికి వచ్చింది. ఒళ్ళంతా ముందే దెబ్బలతో నిండిపోయి ఉంది. కొత్త వాటా పడడానికి చోటెక్కడిది? ఇంతకుముందు వచ్చినప్పుడల్లా పేట పెద్దలు సర్దిచెప్పి పంపేశారు. ఈసారి శుక్రవారం పంపిస్తామని ఈశ్వర్‌కి మాటిచ్చారు. రాకపోతే చంపేస్తానని అతను కబురు పెట్టాడు.

"పిన్నీ, ఆకర్న ఆమె బతుకుద్దా?" అని అడిగింది కుసుమ, చేపలు ఏరుతూ.

"ఆకరి పేజీ ఇంకా సదవలేదే గుంటా."

నిజానికి ఆ పేజీ వరహాలమ్మకు నోటికి వచ్చు. 'తెడ్డు నెత్తిన పడింది. ఆ ఒక్క దెబ్బకు ఆమె చచ్చిపోయింది.' దేవి పోయినప్పుడు జ్వరమని చెప్పుకున్నారు. ఇప్పటికీ ఇంట్లో అదే మాట. కడసారి నీళ్ళు పోసింది వరహాలమ్మే. జ్వరానికి తల అలా మెత్తబడదు.

ఆఖరు పేజీ చావుదెబ్బ, చదవనని గ్రూపులో చెప్పేసింది. మంగ ఊరుకోలేదు.

"అందరం ఒకేపాలి ఇంటే సన్నంగా పడద్ది అప్పా. బట్టీ బట్టీకీ సెప్తాను. నువ్వు రికాటింగు పెట్టకు, లైవులో సదువు."

"నేనూ వింటాను," అని రాశాడు మాస్టారు. "సెంప అన్నా పరవాలేదు."

శుక్రవారం మధ్యాహ్నం దీపం పెట్టి, తల్లికి దండం పెట్టుకుని, వరహాలమ్మ లైవు మొదలుపెట్టింది. వాకిటి అవతల వలల పాక కింద పెద్దలు కూర్చున్నారు. చుట్టుపక్కల ప్రతి ఇంట్లోనూ ఆడవాళ్ళు ఫోను గట్టిగా పెట్టుకోవడంతో ఆమె గొంతు పేటంతా వినబడుతోంది. ఈశ్వర్ పడవ దిగి, తెడ్డు భుజాన వేసుకునే వచ్చాడు.

"అత్తా, ఆ సదువు ఆపు. దీన్ని పంపుతావా, ఈడ్సుకెళ్ళమంటావా?"

"పేజీ అవనీ బాబూ. కూకుని ఇను."

"నాను రాను," అంది కుసుమ.

అతను దీపాన్ని కాలితో తన్నాడు. కుసుమ జుట్టు గుప్పిట పట్టి ఎండుచేపల మీంచి ఇసుకలోకి ఈడ్చాడు. కట్టున్న చేతిని తొక్కాడు. వరహాలమ్మ చదవడం ఆపలేదు. పుస్తకంలో ఆమె జుట్టు మొగుడి గుప్పిట్లో ఉంది. వాకిట్లో కుసుమదీ అంతే. పాక కింద పెద్దలు తలలు తడుముకున్నారు. పలాసలో ఆడవాళ్ళు కొప్పులు పట్టుకున్నారు.

ఈశ్వర్ రెండు చేతులా తెడ్డెత్తాడు.

"తెడ్డు నెత్తిన పడింది," అని చదివింది వరహాలమ్మ.

పడింది. కొబ్బరికాయ పగిలిన చప్పుడైంది. కుసుమ నెత్తి మీద చర్మం కూడా చిట్లలేదు. పాక కింద పెద్దలందరి తలల మీదా బొప్పులు లేచాయి. ఈశ్వర్ చెవి పైన మాత్రం పుర్రె చీలింది. అతను తెడ్డుతో సహా చేపల మీద బోర్లా పడ్డాడు. కవళ్ళ చేపలు తెల్లగా పరిచి ఉన్న చోటంతా నెత్తురు పారింది.

బైరాగి తాత లేచి వచ్చి చూశాడు.

"పడవ వాటా," అన్నాడు. "ఈపాలి తెడ్డున్నోడే వొచ్చీసినాడు తీసుకోడానికి."

నలుగురు అతన్ని ఆటోలో వేసుకుని ఆసుపత్రికి పోయారు. బతికాడు గాని, కుడిచెయ్యి మళ్ళీ తెడ్డెత్తలేదు. కుసుమను పంపించే మాట ఆ రోజు గాని, ఆ తరువాత గాని పెద్దలెవరూ ఎత్తలేదు.

వరహాలమ్మ మిగిలిన వాక్యం చదవకుండానే పుస్తకం మూసింది. దీపం మళ్ళీ వెలిగించింది. ఫోను ఆగకుండా మోగుతోంది. మాస్టారు రాశాడు: "ఆఖరు వాక్యం వదిలేశారు. నా దగ్గరున్న పుస్తకంలో కూడా ఇప్పుడే కొట్టేశాను."

వెనకే మంగ గొంతు వచ్చింది. "అప్పా, నా నెత్తి మీద సింతపిక్కంత బొప్పి కట్టింది. అది సరేగాని, ఆమె ఏటయిందో సెప్పు."

వరహాలమ్మ ఫోను కుసుమకిచ్చింది. కుసుమ నోట్లో ఇసుక ఉమ్మి, పెదాలు తుడుచుకుంది.

"ఆమె పేరు కుసుమ," అంది. "బతికే ఉన్నాను."