చెయ్యి కాదు, బ్రష్షు

మరుసటి రోజు ఉదయగిరిలో పెళ్ళి. తడి ఆరడానికి ఒక పగలన్నా పడుతుందని నిరోష పొద్దున్నే పెరట్లో కుళాయి దగ్గర కూచుని మేకప్ బ్రష్షులు కడుగుతోంది. షాంపూ నీళ్ళలో ముంచి అరచేతిలో రుద్దిన ప్రతిసారీ నాలుగైదు వెంట్రుకలు ఊడి వేళ్ళకు అంటుకుంటున్నాయి. బుగ్గలకు రంగు అద్దే బ్రష్షయితే మెడ దగ్గర రేకు వదులై, ముసలివాడి పన్నులా కదులుతోంది.

"మనుషుల తలలకే షాంపూ చాలక చస్తా ఉంటే, ఈ కుచ్చులకు తలంట్లా?" అంటూ అత్త దేవకమ్మ బిందె తెచ్చి కుళాయి కింద పెట్టింది. నిరోష పక్కకు జరిగింది.

ఇవి ఆమె బ్రష్షులు కావు. ఆమెవి వేరే ఉండేవి. నెల్లూరులో మూడు నెలలు పని నేర్పిన లిదియమ్మ మేడం దగ్గరుండి కొనిపించిన ఏడు బ్రష్షులు. "బ్రష్షు ముఖం మీద ఉన్నట్టే పిల్లకు తెలియకూడదు" అనేది మేడం. మూడేళ్ళు వాడినా వాటిలోంచి ఒక్క వెంట్రుక రాలలేదు. వాటినే మొగుడు చంద్రశేఖర్ ఒక్కొక్కటే ఆత్మకూరు బస్టాండు ఎదురుగా ఉన్న తన సెల్‌ఫోన్ రిపేరు షాపుకు పట్టుకుపోయాడు. బదులుగా, ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికిందని పద్నాలుగు బ్రష్షుల ప్యాకెట్టు తెప్పించి, పుట్టినరోజు కానుకని ఫోటో తీసి స్టేటస్ పెట్టాడు. ఒకరోజు క్యారియర్ ఇవ్వడానికి షాపుకు పోయిన నిరోష, అతను తన పౌడరు బ్రష్షును థిన్నర్‌లో ముంచి ఫోను లోపల తుడుస్తుండగా చూసింది.

"అది నాది, బావా."

"నీకు కొత్తవి తెప్పించినా గదా."

"అయ్యి నువ్వు వాడుకో. నాయి నాకియ్యి."

చంద్రశేఖర్ గిరాకీ ముందే నవ్వాడు. "అయ్యి వెంట్రుకలు రాలస్తాయే. బోర్డులో ఒక్కటి ఇరుక్కుంటే ఫోను పాయె. నీదేముండాది, ముఖానికి రుద్దేదే గదా!"

ఆ మాట పట్టుకుని ఆమె ఎండలో ఇంటిదాకా నడిచింది. ఫోనులో వెంట్రుక పడకూడదు. ముఖం మీద పడొచ్చు. ఆమె దగ్గరున్నవి మంచి పనిముట్లని అతనికి తెలుసు, తెలిసే తీసుకున్నాడు. తిరిగి తెచ్చుకుందామన్నా థిన్నర్‌కు అవి చీపురు మోడుల్లా గట్టిపడిపోయాయి. కొత్తవి కొనుక్కుందామంటే పెళ్ళివాళ్ళిచ్చే డబ్బు ఏనాడూ ఆమె చేతికి రాదు. ఆ తర్వాత నిరోషకు ఒక దొంగపని అలవాటైంది. "కళ్ళు మూసుకో తల్లీ" అని చెప్పి, తడి ఫౌండేషన్‌లో అంటుకున్న వెంట్రుకల్ని ప్లక్కర్‌తో ఏరేసేది. ఎంతమంది పెళ్ళికూతుళ్ళు కళ్ళు మూసుకున్నారో! వాళ్ళు అంత నమ్మకంగా మూసుకుంటుంటే ఆమె ఏరిన వెంట్రుకను కొంగు చివర తుడిచేసి దాచేది.

ఉదయగిరిలో పెళ్ళికూతురు గోపిక. తండ్రి మాల్యాద్రికి గొర్రెల మంద ఉంది. ముహూర్తం పన్నెండు దాటాక. చంద్రశేఖర్ నిరోషను బండి మీద తెచ్చి దించి, బయట షామియానా కింద కూచున్నాడు. గదిలో చుట్టాలు కిటకిటలాడుతున్నారు. కుర్చీ వెనకే నిలబడి తల్లి చెంచులక్ష్మి నిమిషానికోసారి, "అయిందా మ్మా?" అంటోంది.

కుడి కన్ను అయింది. ఎడమ కంటి రెప్ప మీద రంగు అద్దుతుండగా, "అక్కా!" అని గోపిక కెవ్వుమంది. "కంట్లో గుచ్చుకునింది. ఏదో గుచ్చుకునింది!"

వెంట్రుక. నిరోష చన్నీళ్ళు తెప్పించి కన్ను మళ్ళీ మళ్ళీ కడిగింది. నాలుగోసారికి అది నీళ్ళతో బయటికొచ్చింది, నల్లగా, సూదిలా. కన్ను ఎర్రబడింది. కాటుక బుగ్గల మీదికి కారింది. అది తుడిచేసరికి, గరుకు బ్రష్షు గీరిన రెండు ఎర్రటి చారలు బయటపడ్డాయి.

"బిడ్డ కన్ను పోతే ఎవరు తెస్తారు మ్మా? ఏం మనిషివి నువ్వు?" చెంచులక్ష్మి గొంతు షామియానా దాకా వినిపించింది. చంద్రశేఖర్ లోపలికొచ్చాడు. చూశాడు. అతని కళ్ళు ముందు బ్రష్షు మీద పడి, వెంటనే పక్కకు తప్పుకున్నాయి.

"ఏమనుకోబాకండి. మా ఆడమనిషికి ఇంకా చెయ్యి తిరగలా" అన్నాడు నవ్వుతూ.

గదిలో అందరూ ఆమె చెయ్యి వంక చూశారు. నాలుగేళ్ళు. ఎన్ని ఊళ్ళు, ఎన్ని ముఖాలు! ఎప్పటిలాగే తల వంచుకుంటే అయిపోతుంది. కానీ ఎదురుగా కన్ను తుడుచుకుంటూ గోపిక ఆమెనే చూస్తోంది.

"చెయ్యి కాదు. బ్రష్షు" అంది నిరోష. "మంచియ్యి కావు. వెంట్రుకలు రాలతాయని నాకు తెలుసు. తెలిసే తెచ్చినా. అది నా తప్పు. చెయ్యి మాత్రం తప్పు లేదు."

"ఏందే నువ్వు—" అన్నాడు చంద్రశేఖర్.

"నువ్వు బయటికి పో బావా. ఆడోళ్ళుండే గది ఇది."

చెంచులక్ష్మి ఏదో అనబోయింది. గోపిక తల్లి చెయ్యి పట్టుకుని ఆపింది. "ఇప్పుడు ఇంకెవురొస్తారు మా? అక్కనే చెయ్యనియ్యి. నిజం చెప్పింది గదా."

నిరోష పద్నాలుగు బ్రష్షులూ కిటికీ గట్టు మీద పడేసింది. మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుంది. ఫౌండేషన్‌ను చేతి వెనకవైపు వేసి కాస్త వెచ్చబడనిచ్చి, ఉంగరపు వేలితో చుక్కచుక్కగా అద్దింది. పౌడరుకు దూది. కుడి రెప్ప మీద చెదిరిన రంగుకు చిటికెన వేలు. ఎర్రబడిన కంటి జోలికి పోలేదు. బయట మేళం ఊపందుకుంటోంది. ఆమె మెడ మీద చెమట కారుతోంది. వేలు మాత్రం ఆగలేదు. పూర్తయ్యాక దగ్గరికి వంగి చూస్తే ఒక చార ఇంకా లీలగా కనిపిస్తూనే ఉంది. గోపిక అద్దంలో చాలాసేపు చూసుకుని, "నేను నాలాగే ఉండా అక్కా" అంది.

"సాయంత్రానికి ఎరుపు తగ్గకపోతే కంటి డాక్టరుకు చూపించండి. ఖర్చు నాది" అని చెంచులక్ష్మితో చెప్పి నిరోష బయటికొచ్చింది.

తాళి కట్టడం అయ్యాక భోజనాల బంతిలో పక్కన కూచున్న చంద్రశేఖర్ కులాసాగా ఉన్నాడు. "చూసినావా? బ్రష్షులు లేకుండానే ఎంత బాగా చేసినావో! ఇన్ని దినాలూ ఊరికే నస పెడతా ఉంటివి."

నిరోష ముద్ద చేతిలోనే ఆగిపోయింది. అందాకా పడిన అవమానం కంటే ఈ మెచ్చుకోలు లోతుగా దిగింది. పని చెడితే తన చేతకానితనం. పని బాగుంటే తనకు పనిముట్టే అక్కర్లేదు. ఎటు తిప్పినా అతను ఆమెకు ఇవ్వాల్సిందేమీ ఉండదు. ఇంట్లో మిక్సీ పాడైనప్పుడూ ఇదే మాట. రోట్లో నూరిన పచ్చడి రుచే వేరన్నాడు. ఏడాదిన్నరగా నూరుతూనే ఉంది.

చెంచులక్ష్మి తాంబూలంలో పెట్టి డబ్బులు తెచ్చింది. చంద్రశేఖర్ అలవాటుగా చెయ్యి చాపాడు. నిరోష రెండు చేతులతో తనే అందుకుని సంచిలో పెట్టుకుంది.

"నువ్వు బండి మీద పో బావా. నేను బస్సుకు వస్తా."

నెల్లూరు బస్సు ఆత్మకూరు స్టాండులో పది నిమిషాలు ఆగింది. అప్పుడే దేవకమ్మ ఫోను. "దిగినావా? వాడు ఎప్పుడో వచ్చేసినాడు."

"లేదత్తా. నెల్లూరు పోతా ఉండా. బ్రష్షులు కొనుక్కోవాల. ఈ పొద్దు లిదియమ్మ మేడం ఇంట్లో ఉండి రేపు వస్తా."

"మరి రాత్రికి వంట?" అంది దేవకమ్మ.

కండక్టరు విజిల్ వేశాడు. బస్సు కదిలింది.

"బియ్యం డబ్బాలో ఉండాయి అత్తా" అంది నిరోష.