తెల్లకాగితం అంటించిన రికార్డు

బస్సు పై అంతస్తులో సీట్ల సందుల్లోంచి చిప్స్ పొట్లాలు ఏరుతూ, మధ్యమధ్య వేళ్లతో సీటు వెనక తాళం వేస్తున్నాడు నెవిల్. వంగినప్పుడల్లా ఛాతీలో ఏదో పట్టేస్తోంది.

"ఏం మహానుభావా, ఆ దరువు ఆపి దిగుతావా? టీ చల్లారిపోతోంది!" కింద నుంచి గ్లెనిస్ కేకేసింది. ముప్ఫై ఏళ్లుగా ఇద్దరూ ఇంగ్లండులోని షెఫీల్డ్ డిపోలో బస్సులు కడుగుతున్నారు.

తొంభై ఒకటిలో, ఉక్కు ఫ్యాక్టరీలు ఒక్కొక్కటే మూతపడుతున్న రోజుల్లో, నెవిల్ ఇంట్లోనే యంత్రాల దరువులతో ఒక టెక్నో ఆల్బమ్ చేశాడు. మొదటిదీ అదే, చివరిదీ అదే. పేరు వేసుకోవడం చిన్నతనమని అప్పట్లో ఆ పాటలు చేసే కుర్రాళ్లకో పట్టింపు. పాట బాగుంటే చాలదూ? మిగతావాళ్లు తర్వాత తెలివి తెచ్చుకున్నారు. ఇతను మాత్రం మూడొందల రికార్డులకూ పేరుండాల్సిన చోట తెల్లకాగితమే అంటించాడు. అసలు టేపు మీద మరుసటి నెల వేరే పాటలు ఎక్కించేశాడు. పిచ్చిమాలోకం!

డ్యూటీ దిగి పాత రికార్డుల కొట్లోకి వెళ్తే ఆ ఆల్బమే మోగుతోంది. నెవిల్ నేరుగా గల్లా దగ్గరికి నడిచాడు.

"ఎవరిదమ్మా ఇది?"

"అది తెలిస్తే ఇంకేం!" అంది కొట్టు నడిపే ఇమోజెన్. "పదేళ్లుగా వెతుకుతున్నా. ఇంత బాగా చేసి పేరైనా చెప్పకుండా పోయాడు మారాజు."

ఆ మాట కోసమే కదా ఇన్నేళ్లు బతికింది!

"నేనే చేశాను."

ఆమె అతని డిపో చొక్కా వంక జాలిగా చూసింది. "అలాగే లెండి. ఆ మాట అన్నవాళ్లలో మీరు నాలుగో ఆయన."

"రెండో వైపు చివర్లో ఒక దగ్గు వినిపిస్తుంది. పక్కగదిలోంచి, మా అమ్మది."

"రికార్డు విన్నవాళ్లందరికీ ఆ దగ్గు తెలుసండీ."

ఆమెను అని ఏం లాభం? చూపించడానికి ఇతని దగ్గర ఏముంది గనక? "పాట బాగుంది," అనేసి బయటపడ్డాడు. వీధి మలుపు దాకా ఏడుపు ఆపుకున్నాడు.

ఇంటికెళ్లే బస్సులో పై అంతస్తు చివరి సీట్లో కూర్చున్నాడు. ఆఖరి స్టాపులో డ్రైవరు వచ్చి భుజం తట్టేసరికి ఒళ్లు చల్లబడి ఉంది.

సోమవారం కొత్తగా చేరినతను సామాన్ల గదిలోకి చెయ్యి చాపితే, "అది ముట్టుకున్నావో, ఊరుకోను!" అని గ్లెనిస్ కసిరింది. గోడకు ఆనించిన తడిగుడ్డ కర్ర మీద, ఎవరూ ఎత్తుకుపోకుండా, లావాటి నల్ల అక్షరాలతో పోయినవాడు ఎప్పుడో తన పేరు రాసుకున్నాడు: నెవిల్ క్రాపర్.