పచ్చ గడిలో పడ్డ రాయి

దాచేపల్లి పక్కనున్న ఆ సిమెంటు ఫ్యాక్టరీలో క్వారీ రాయిని మోసే బెల్టు తాటిచెట్టంత ఎత్తున పోతుంటుంది. పల్నాటి ఎండ సంగతి చెప్పేదేముంది, మిట్టమధ్యాహ్నం నీడ దొరికేది ఆ బెల్టు కిందే. పనివాళ్ళంతా అక్కడే క్యారియర్లు విప్పుకుంటారు. ఆ రోజు మౌలాలీ చెయ్యి కడుక్కుందామని ఇలా లేచాడో లేదో, పైనుంచి కొబ్బరికాయంత రాయి దబ్బున పడింది. అతని క్యారియర్ కాస్తా అప్పడమైపోయింది.

"తలకొచ్చింది తలపాగాతో పోయింది లేరా," అన్నాడు మేస్త్రీ చలమయ్య. "పప్పు పోతే పోయింది, పిల్లల తండ్రివి మిగిలావు!"

అందరూ పగలబడి నవ్వారు.

అక్కడ సేఫ్టీ ఆఫీసరు వెల్దుర్తి పిల్ల ఇంద్రజ, ఉద్యోగానికి కొత్త. ఆమె గదిలో గోడ మీద రంగురంగుల గడుల పటం ఒకటుంది. దెబ్బ ఎంత పెద్దదో ఒక వైపు, ఎంత తరచుగా జరిగేదో ఇంకో వైపు. రెండూ కలిసిన గడి పచ్చదైతే ఒక ముక్క రాసి వదిలేయడం, పసుపుదైతే నలుగురినీ అడగడం, ఎర్రదైతే పని ఆపి అసలు కారణం వేరుదాకా తవ్వడం. ప్రతి చిన్నదానికీ తవ్వుతూ కూర్చుంటే పెద్దదానికి తీరికుండదని ఆ ఏర్పాటు. ఎవరికీ దెబ్బ తగల్లేదు, ఎప్పుడో గాని జరగదు అనుకుని ఇంద్రజ ఆ రాయిని పచ్చ గడిలో వేసేసింది.

మర్నాడు ఆమె అటు వెళ్ళింది. రాయి పడ్డ చోట పగిలిన గుమ్మడికాయ, కుంకుమ. దాని పక్కనే అందరూ నిన్నటికన్నా నిబ్బరంగా తింటున్నారు.

"మళ్ళీ ఇక్కడే కూర్చున్నారేంది బాబాయ్?"

"దిష్టి తీశాం గదమ్మా," అన్నాడు చలమయ్య. "మీరు గూడా పచ్చరంగే ఏశారంటగా. ఇంకేం భయం?"

ఇంద్రజ తలెత్తి బెల్టు వైపు చూసింది. వాళ్ళు గుమ్మడికాయ కొడితే తాను రంగు వేసింది. పైనున్న రాయికి ఈ రెండూ తెలియవు.

"ఇంతకుముందు గూడా పడ్డయ్యా?" అని అడిగింది.

మౌలాలీ నవ్వాడు. "చిన్నయి పడతానే ఉంటయ్ తల్లీ. దులుపుకొని తింటాం. అయ్యి గూడా చెప్పాలా ఏంది?"

ఆమె తిన్నగా మేనేజరు త్రికోటేశ్వరరావు దగ్గరికి వెళ్ళి, ఆ రాయిని ఎర్ర గడిలోకి మార్చాలంది.

"బెల్టు ఆపితే మిల్లు ఆగుద్ది. నిన్న పచ్చ పెట్టింది నువ్వే గదమ్మా?"

"నేనే సార్. క్యారియర్‌ని చూసి పెట్టా. తలకాయని చూసి పెట్టాల్సింది."

పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "నోరుందే నీకు! సరే, సాయంత్రందాకా ఆపుకో."

బెల్టు ఆగింది. పైకెక్కి చూస్తే, రాళ్ళు జారకుండా కట్టిన అంచు రబ్బరు అరిగి వేలాడుతోంది. "ఇది మారిస్తే సరిపాయె," అన్నాడు ఇంజనీరు కిరణ్ కుమార్. పచ్చ గడే అయ్యుంటే కథ అక్కడితో సరి. ఇంద్రజ వదల్లేదు. రబ్బరెందుకు అరిగింది? అంచున రాళ్ళు గుట్టపడి ఒరుసుకున్నాయి. ఎందుకు గుట్టపడ్డాయి? ఊడ్చేవాళ్ళను పోయిన ఎండాకాలంలో ప్యాకింగు పనికి పంపి మళ్ళీ పిలవలేదు. మరి మనుషులు దీని కిందికే ఎందుకొస్తున్నారు? ఇంకెక్కడా నీడ లేదు గనక.

రబ్బరు మారింది, కింద వల కట్టారు, ఊడ్చేవాళ్ళు తిరిగొచ్చారు. దూరంగా ఫ్యానుతో భోజనాల షెడ్డు లేచింది. చలమయ్య మాత్రం "ఈ షెడ్డులో గాలాడదు" అని సణుగుతూనే అందరికన్నా ముందొచ్చి చోటు పట్టుకునేవాడు.

కొన్నాళ్ళకు మౌలాలీ ఆమె గది గుమ్మంలో నిలబడి నసిగాడు.

"తల్లీ, ప్యాకింగ్ కాడ మెట్టొకటి కదులుతా ఉంది. ఎవరూ పళ్ళేదు. చెప్పొచ్చా?"

ఇంద్రజ కుర్చీ లాగింది.

"కూర్చో బాబాయ్. ఆ మెట్టు ఎంత ఎత్తులో ఉంది?"